నరెల్ కథలో వాన

మా కాఫీ కొట్టు మేడ మీద ఒక్కటే నియమం. ఎవరి కథనూ ఎవరూ సరిదిద్దకూడదు. ఆ నియమం పెట్టింది నేనే, పెట్టి నాలిక కరుచుకున్నదీ నేనే.

ప్రతి ఏప్రిల్‌లో మావాళ్లు సైగాన్ వస్తారు. మావాళ్లంటే, యుద్ధం ఆఖరి రోజుల్లో ఇక్కణ్ణుంచి విమానాల్లో తరలించిన పసిపిల్లలు. ఒకడు నార్వేలో పెరిగాడు, ఒకామె కెనడాలో, నేను ఫ్రాన్సులో. ఇప్పుడు అందరికీ యాభై దగ్గర పడింది. జుట్టు నెరిసింది, మోకాళ్లు పట్టేశాయి. మేడ మెట్లెక్కి, ఆయాసం తీర్చుకుని, మంచు కాఫీ తెప్పించుకుని, తమను ఎవరు ఎలా వదిలేశారో ఒక్కొక్కరే చెప్పుకుంటారు. నిజానికి ఎవరికీ ఏమీ గుర్తు లేదు. చంటిపిల్లకు ఏం గుర్తుంటుంది? పెంచిన తల్లి చెప్పింది కొంత, పెంచిన తండ్రి మందు కొట్టినప్పుడు నోరు జారింది కొంత, మిగతాది నిద్రపట్టనప్పుడు అల్లుకున్నది. అందుకే ఆ నియమం పెట్టాల్సి వచ్చింది.

నా కథ మరీ పేలవం. ఆస్పత్రిలో పుట్టాను, ఆస్పత్రిలోనే వదిలేశారు, అక్కణ్ణుంచే విమానం ఎక్కించారు. ఎదుటివాళ్లు కాఫీలో చెంచా తిప్పేలోపు అయిపోతుంది. "తర్వాత?" అని అడిగే దిక్కు కూడా లేదు. ఇరవై ఏళ్ల కిందట ఈ ఊరు తిరిగొచ్చి, ఈ కొట్టు పెట్టి, కియెమ్ అనే పాత పేరు మళ్లీ తగిలించుకున్నాను కానీ కథ మాత్రం ఒక్క ముక్క పెరగలేదు.

నరెల్ కథ అలా కాదు. అది మా మేడకే తలమానికం.

నరెల్ ఆస్ట్రేలియాలో, మనుషుల కంటే గొర్రెలు ఎక్కువున్న ఊళ్లో పెరిగింది. పొడుగు మనిషి, పెద్ద నోరు. పన్నెండేళ్ల కిందట రెండు వారాల కోసమని వచ్చి మా వెనక సందులో గది అద్దెకు తీసుకుంది. ఆ రెండు వారాలు ఇంకా అవలేదు. హోటళ్లలో పనిచేసే పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంది, కూరగాయలామెతో రోజూ కొట్లాడుతుంది, నా కొట్లో కూర్చుని పక్కవాళ్ల పళ్లెంలో పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కుతింటుంది. అడిగితే, "పళ్లెం మధ్యలో ఉంది కదా, నీదని రాసుందా?" అంటుంది.

మొదటి ఏడాది ఆమె కథలో ఒక అట్టపెట్టె, ఒక సన్యాసిని మాత్రమే ఉన్నారు. రెండో ఏడాది అనాథాశ్రమం గేటు దగ్గరికి అమ్మ వచ్చింది. మూడో ఏడు అమ్మ ఆవో జాయ్ అనే తెల్లటి పొడుగు అంగీ తొడుక్కుంది. ఆ తర్వాతి ఏడు వాన మొదలైంది. అమ్మ వానలో తడుస్తూ, గేటు ఊచల మధ్యనుంచి బిడ్డను అందించి, చేతి పచ్చరాతి గాజు విరగ్గొట్టి సగం ముక్క పొత్తిళ్లలో పెట్టిందట. ఆ ముక్క నరెల్ మెళ్లో వేలాడుతూ ఉంటుంది. చూపిస్తుంది కూడా. నార్వే నుంచి వచ్చే స్వేన్ అనే భారీ మనిషి, వాన రాగానే ప్రతి ఏడూ ముక్కు చీదుకుంటాడు. నేను అప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తాను. ఎందుకంటే ఆ గాజు ఆమె చోలోన్ బజారులో బేరమాడి కొన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. పగలగొట్టిన సుత్తి నాది. అడిగి మరీ పట్టుకెళ్లింది.

ఒకసారి అందరూ వెళ్లాక ఉండబట్టలేక అనేశాను. "నరెల్, గాజు సంగతి వదిలేయ్. ఏప్రిల్ మొదట్లో సైగాన్‌లో వానేమిటి? ఆ నెల్లో ఇక్కడ కుక్కలు కూడా నీడ దాటి రావు."

ఆమె కోప్పడుతుందనుకున్నాను. గింజలు కొరకడం ఆపింది.

"మా అమ్మ ఏడ్చిందో లేదో నీకు తెలుసా?" అంది.

"తెలియదు."

"నాకూ తెలియదు. ఏడవకుండా ఇచ్చేసి చేతులు దులుపుకుని పోయిందని అనుకోమంటావా? అలా అనుకుంటూ ఎన్నేళ్లు బతకాలి? అందుకే వాన పెట్టాను. వాన పడుతుంటే అందరి మొహాలూ తడిసే ఉంటాయి."

ఆ తర్వాత నేను మళ్లీ వాన జోలికి పోలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. స్వేన్‌కు ముక్కు చీదడం కాక ఇంకో పని కూడా ఉంది. ఇక్కడికి వచ్చిన ప్రతిసారీ డెల్టా ఊళ్లన్నీ తిరిగి, బిడ్డల్ని పోగొట్టుకున్న కుటుంబాల వాళ్ల బుగ్గల్లో దూదిపుల్ల తిప్పి డీఎన్‌ఏ పరీక్షకు పంపి, మావాళ్లవాటితో పోల్చి చూస్తాడు. అలా విన్‌లాంగ్ దగ్గర ఒక కాలవ ఊళ్లో, చేపల ఊరగాయ పెట్టి అమ్మే థామ్ అనే ఆవిడ బుగ్గలో పుల్ల తిప్పొచ్చాడు. ఆర్నెల్ల తర్వాత ఫలితం వచ్చింది. థామ్, నరెల్ ఒక తల్లీ ఒక తండ్రీ బిడ్డలు.

నరెల్ ఆ రోజు నా కొట్లో కూర్చుని ఫోన్ చేసింది. తను ఎవరో రెండుసార్లు చెప్పింది. అవతల ఆవిడ మాత్రం ఒక్క ముక్కే అంది. "చూడందే నమ్మను. మా చాంద్రమానం లెక్కన రెండో నెల ఇరవై మూడున రండి. ఆ రోజు ఇంట్లో భోజనాలున్నాయి." పెట్టేసింది.

"మీరు రండి అంది," అంటూ నరెల్ నా మొహంలోకి చూసింది. "నేను చెల్లెల్ని కదా, నన్ను మీరు అంటుందేమిటి?"

ఒంటరిగా వెళ్లనంది. కొట్టు మూసేసి నేనూ బస్సెక్కాను. సగం దారిలో, అవేం భోజనాలో కనుక్కుందామని థామ్ కొడుక్కి ఫోన్ చేశాను.

"మా పిన్ని తద్దినమండీ," అన్నాడు కుర్రాడు మర్యాదగా.

"ఏ పిన్ని?"

"మీరు తీసుకొస్తున్నారు కదా, ఆవిడే. ప్రతి ఏడూ పెడతాం. ఊరంతా వస్తారు. పందికి ముందే చెప్పేశాం, ఇప్పుడు మానలేం."

విషయం నరెల్‌కు చెప్పాను. ఆమె కిటికీలోంచి పొలాలు చూసింది, నన్ను చూసింది, తర్వాత బస్సంతా తిరిగి చూసేలా నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "మరి నా తద్దినానికి నేనేం పట్టుకెళ్లాలి? ఖాళీ చేతులతో పోకూడదుగా," అంది. బస్సు ఆగిన చోట దిగి నాలుగు పంపరపనసలు కొంది. ఊరు చేరాక చూస్తే కాలవకు రెండువైపులా కనుచూపు మేర పంపరపనస తోటలే.

వంతెన దాటేసరికి వాకిట్లో నలభైమంది దాకా ఉన్నారు. గుసగుసలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఒక ముసలామె ముందుకొచ్చి నరెల్ మోచెయ్యి పట్టుకుని వేడిగా ఉందో లేదో చూసింది. "మనిషే," అని వెనక్కి తిరిగి చెప్పింది. అప్పుడు జనం ఊపిరి పీల్చుకున్నారు. వాళ్లకు ఏడో మామ అని ఒకాయన ఉన్నాడు, ఊళ్లో ప్రతి విందుకీ పెద్ద. ఆయన నరెల్ చుట్టూ ఒకసారి తిరిగి, "నీ పేరు చెప్పుకుని ఇన్నేళ్లూ ఎంత బాతు మాంసం తిన్నానమ్మా. రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు," అన్నాడు.

థామ్ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. పొట్టి మనిషి, కానీ గడ్డం మాత్రం అచ్చు నరెల్‌దే. ముందుకు రాలేదు. చేతులు రెండూ వంటగుడ్డలో దాచుకుని, "ఎండన పడి వచ్చారు, కూర్చోండి. ఈ ఊరికి పంపరపనసలు మోసుకొచ్చారేమిటి?" అని లోపలికి వెళ్లిపోయింది.

ఇంట్లో పోయిన పెద్దల పీఠం మీద థామ్ తాత ఫొటో, అమ్మ ఫొటో, నాన్న ఫొటో ఉన్నాయి. వాటి పక్కన అగరొత్తుల మసి పట్టిన పాలపొడి డబ్బా ఒకటి ఉంది. తుప్పు తినగా మిగిలిన కాగితం మీద బొద్దుగా, పసుపు జుట్టుతో, నీలం కళ్లతో ఒక దొరల పాప నవ్వుతోంది.

"అదెవరు?" అంది నరెల్.

"మీరేనండీ," అన్నాడు థామ్ కొడుకు. "మీ ఫొటో లేదని అమ్మమ్మ అది పెట్టింది."

నరెల్ ఆ డబ్బా ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఒరే కియెమ్, చిన్నప్పుడు మా స్కూల్లో అందరూ ఇలాగే ఉండేవాళ్లు. నేనూ ఇలా ఉంటే బాగుండునని ఎన్ని రాత్రులు ఏడ్చానో తెలుసా? ఇక్కడేమో అప్పటికే ఇలా ఉన్నాను."

నవ్వాం కానీ, వంటింట్లో కత్తి చప్పుడు ఆగింది. మళ్లీ మొదలైంది. థామ్ అటువైపు తిరిగి అరటిపువ్వు తరుగుతూనే మాట్లాడింది. నరెల్ గుమ్మంలో నిలబడి విన్నది. నేను నరెల్ వెనక ఉన్నాను. థామ్ చెప్పింది ఇంతే.

యుద్ధానికి తాళలేక కుటుంబం సైగాన్ చేరింది. నాన్న సైన్యంలో ఉన్నాడు. అమ్మ బజారులో ఆకుకూరలమ్మేది. తొమ్మిదేళ్ల థామ్ పదకొండు నెలల చెల్లెల్ని చంకనేసుకుని తిరిగేది. పిల్ల ఎండు రొయ్యలా ఉందని అందరూ రొయ్య అనే పిలిచేవాళ్లు. ఒక అనాథాశ్రమం గేటు దగ్గర, చంటిపిల్లను తెచ్చినవాళ్లకు పాలపొడి ఇస్తారని ఎవరో చెప్పారు. వెళ్లింది. ముందు పిల్లను తూకం వేస్తామని ఒకావిడ లోపలికి తీసుకుంది. పాల వరుస అటుపక్క, ఎండలో ఉంది. థామ్ ఆ వరుసలో నిలబడింది. డబ్బా చేతికొచ్చి వెనక్కి పరుగెత్తేసరికి లోపలి పిల్లలందరినీ బస్సెక్కించేశారు. బస్సు మలుపు తిరుగుతోంది. ఆ వారమే పిల్లల్ని తీసుకెళ్తున్న విమానం ఒకటి ఊరి బయట పొలాల్లో కూలింది. పోయినవాళ్లలో రొయ్య కూడా ఉందనుకున్నారు. ఆ తేదీకే తద్దినం.

"అమ్మ గేటు దగ్గరికి రాలేదా?" అంది నరెల్.

"అమ్మ బజారులో ఉంది. చీకటి పడేదాకా అమ్మకు తెలియదు. నేను డబ్బా తెచ్చి ముందు పెట్టాక తెలిసింది. ఒక్క దెబ్బ వేసింది, అంతే. తర్వాత ఆ డబ్బా పీఠం మీద పెట్టి, ఈ పాలు తాగుంటే నా పిల్ల ఇలా ఉండేది అంది."

"అయితే నన్ను ఎవరూ ఇచ్చెయ్యలేదా?"

"ఇచ్చెయ్యడమేమిటి?" థామ్ కత్తి పక్కన పెట్టింది. ఇటు తిరగలేదు. "మిమ్మల్ని తూకానికి ఇచ్చాను. తూచి తిరిగిస్తామన్నారు. ఇంతవరకూ ఇవ్వలేదు."

నరెల్ బయటికెళ్లి కాలవ గట్టున కూర్చుంది. పక్కన కూర్చున్నాను. దాచుకోవడమెందుకు, నాకు కుళ్లు పుట్టింది. మా మేడ మీదికి వచ్చినవాళ్లందరినీ ఎవరో ఒకరు ఇచ్చేశారు. ఈమెను ఎవరూ ఇవ్వలేదు. ఎంత అదృష్టం. ఆ మాటే అన్నాను.

"పన్నెండేళ్లు కష్టపడి కట్టుకున్న కథ పోయింది," అంది. కాలవలోకి ఒక బెడ్డ విసిరి, "అది పోతే పోయింది. ఆవిడ నన్ను ముట్టుకోలేదు, చూశావా? మీరు మీరు అంటోంది. నేను తిడతానని భయమా, నన్ను చూస్తే బాధా? బతికున్నానని చెప్పడానికి వచ్చి, ఆవిడకు చచ్చిన చెల్లెలు కూడా లేకుండా చేశానేమో. ఇలాగే మర్యాదగా అన్నం పెట్టి పంపించేస్తే నేనెక్కడికి పోను?"

ఇంతలో ఇంట్లో గొడవ మొదలైంది. బతికున్న మనిషికి అగరొత్తులు వెలిగిస్తే ఆయుష్షు తగ్గుతుందని ముసలామె పట్టుబట్టింది. తద్దినం లేకపోతే ఇన్ని వంటకాలు ఎవరి పేరున వడ్డించాలని వంటవాళ్లు అడిగారు. వండినవి ఊరికే తినేస్తే పెద్దలకు కోపం వస్తుందని ఇంకొకరు. నలభైమందీ పంది వైపు దిగులుగా చూశారు. ఏడో మామ మీసం దువ్వుకున్నాడు.

"పిల్ల పోయేనాటికి ఎన్ని నెలలే, థామ్?"

"పదకొండు."

"ఏడాది నిండలేదు. అంటే ఉయ్యాల తొట్టి దింపే పండుగ చెయ్యలేదు. ఇంకా తొట్టిలోనే ఉంది. ఇవాళ దింపుదాం." పొయ్యి వైపు చూశాడు. "దానికీ బాతే కదా పెట్టేది."

ఊరు ఊరంతా ఊరట పడింది. పిల్లల్ని కాచే పన్నెండుమంది మంత్రసాని దేవతలకు పన్నెండు గిన్నెల పాయసం చకచకా సర్దారు. వాకిట్లో చాప పరిచి, నరెల్‌ను పిలుచుకొచ్చి మధ్యలో కూర్చోబెట్టారు. ఆ పొడుగు కాళ్లు ఎటు మడవాలో తెలియక సగం చాప దాటి పోయాయి. ఎవరో మెడకు గుడ్డ కూడా కట్టారు. ముందు పళ్లెం పెట్టారు. కత్తెర, అద్దం, పెన్ను, గుప్పెడు వడ్లు, మట్టిబెడ్డ. పిల్ల ఏది పట్టుకుంటే బతుకు అటు పోతుందని నమ్మకం.

"యాభై దగ్గర పడ్డాక ఇంకెటు పోతుంది?" అన్నాన్నేను.

"నీకెవరైనా దింపారా?" అంది ముసలామె.

"లేదు."

"అయితే తొట్టిలో పిల్లాడివి. నోరు మూసుకో."

ఈ సందట్లో ఏడో మామ, బతికున్న మనిషి బొమ్మ పీఠం మీద ఉండకూడదని డబ్బా తీయబోయాడు. "ముట్టుకోకు," అంటూ థామ్ వంటింట్లోంచి వచ్చింది. తనే రెండు చేతులతో దించింది. డబ్బా లోపల రాయిలాంటిది దొర్లిన చప్పుడైంది. "ఇంతవరకూ మూత తియ్యలేదండీ," అన్నాడు థామ్ కొడుకు నా చెవిలో. "యుద్ధమయ్యాక తిండి లేని ఏళ్లలో తాతగారు అమ్ముదామన్నా మా అమ్మ ఒప్పుకోలేదట. అన్నం బదులు చిలగడదుంపలు తిన్నారు, అది మాత్రం తెరవలేదు. అది చెల్లిది అనేదట." థామ్ మసి తుడిచి, ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు నిలబడి, చివరికి వంగి పళ్లెంలో ఒక మూల పెట్టింది.

నరెల్ చెయ్యి చాపింది. ఆమె బుద్ధి ఎక్కడికి పోతుంది? ముందు కత్తెర మీద వేలు పెట్టింది. "దర్జీ," అని అరిచారు. తీసేసి అద్దం వైపు పోయింది. "ఈ వయసులో అద్దమెందుకు," అన్నాడు ఏడో మామ. పెన్ను దగ్గర ఆగి, నా వైపు చూసి కన్ను కొట్టింది. తర్వాత ముందుకు వాలి, ఆ తుప్పు డబ్బాను రెండు చేతులతో తీసుకుని గుండెకు ఆనించుకుంది.

"ఎంత ఆలస్యం చేశావక్కా," అంది. "ఎప్పటినుంచి ఎదురు చూస్తున్నానో తెలుసా? ఆకలేస్తోంది."

మూత మీద గోరు పెట్టింది కూడా. థామ్ ఒక్క అంగలో చాప మీదికి వచ్చింది. నరెల్ చేతి మీద ఫటాలున ఒకటి వేసింది.

"తెరవకే రొయ్యా. చెడిపోయుంటుంది, కడుపునొప్పి వస్తుంది."

కొట్టిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అలాగే పట్టుకుని, చాప మీద కూలబడి, ఊరందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది. నరెల్ కూడా ఏడ్చింది. ఏడో మామ కాసేపు ఓపిక పట్టి, బాతు చల్లారిపోతోందని గుర్తు చేశాడు.

ఆ ఏప్రిల్‌లోనే మా మేడ మీద ఎప్పటిలాగే అందరూ చేరారు. ఈసారి థామ్ కూడా వచ్చింది. చేపల ఊరగాయ జాడీ ఒకటి బల్ల మధ్యలో పెట్టింది, ఆ వాసనకు కెనడా ఆమె కిటికీ పక్కకు జరిగింది. నా మూడు ముక్కలు నేను చెప్పేశాను. నరెల్ వంతు వచ్చింది. స్వేన్ ముందే జేబురుమాలు తీసి సిద్ధంగా కూర్చున్నాడు.

నరెల్ మెళ్లో గాజు ముక్క లేదు. "మా అక్క నన్ను తూకానికి ఇచ్చి, పాలు తేవడానికి వెళ్లింది," అని చెప్పి, ఊరగాయలోంచి ఒక ముక్క నోట్లో వేసుకుంది.

స్వేన్ ఎదురు చూశాడు. "తర్వాత గేటూ, తెల్ల బట్టలూ?"

"లేవు."

"మరి వాన?" పాపం, అతని గొంతులో నిజంగా బెంగ ఉంది. ప్రతి ఏడూ ఆ వాన కోసమే ఏడుపు దాచుకునేవాడు.

నేను కిటికీ వైపు తిరగబోయి ఆగాను. నరెల్ పక్కకు చూసింది. మా మాటలు ఒక్కటీ అర్థంకాని థామ్, చెల్లెలి పళ్లెంలోకి ఇంకో ముక్క వడ్డిస్తోంది.

"ఏప్రిల్‌లో వానేమిటి, స్వేన్?" అంది నరెల్. "మండుటెండ. ఆ ఎండలో మా అక్క నిలబడింది, నా కోసం."